ఉప్పుకయ్యల్లో నిలుచున్నోళ్ళు

మార్చి 12, బుధవారం

ఈ ఏటికి గొడుగు ఈ రోజు విప్పారు. పది దాటాక ముందు నీడల అంచులు మెత్తబడ్డాయి. తరవాత కోళ్ళు గంప కిందికి చేరాయి. ఇంకాసేపటికి వంటింట్లో కారం డబ్బా కోసం చేత్తో తడుముకోవలసి వచ్చింది. ఆకాశంలో పరిచే ఆ తెర నాలుగింటికి మళ్ళీ ముడుచుకుంటుంది. జూన్ దాకా రోజూ ఇంతే.

గొడుగును నేను తిట్టను. అది లేని వేసవుల్లో ఎండకి మనుషులు రాలిపోయారు. నాన్న కూడా అలాగే పోయాడు, చర్చి మెట్ల మీద. ఇప్పుడు ఎండకి ఎవరూ పోవడం లేదు. నిలిచిపోతున్నారు.

ఈ రోజు మా సలోమి నిలిచిపోయింది. మా ముగ్గురు తోబుట్టువుల్లో చివరిది. పెరట్లో బట్టలు తెస్తానని వెళ్ళి, తీగ మీదికి చెయ్యెత్తి అలాగే ఉండిపోయింది. పిలిస్తే పలకలేదు. లోపలికి నడిపిద్దామంటే కాలు కదపలేదు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. నాలుగింటికి వెలుతురు రాగానే చెయ్యి దించి, బట్టలింకా ఆరలేదక్కా అంది. తను నిలబడ్డ సంగతే తనకు తెలియదు. ముఖం తాకి చూశాను. కుండలో నీళ్ళలా ఉంది.

సాయంత్రం ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. చీకటి వేళంతా ముఖం మీద పసుపు బల్బు వెలుతురు పడుతూ ఉండాలని నర్సు చెప్పింది. అందుకోసం పట్నంలో దీపాల షెడ్డు కట్టారు గాని, అందులో చోటు దొరకాలంటే వచ్చే ఏడే. రోజూ ఏం జరిగిందో రాసి పెట్టమంది. అందుకని రాస్తున్నాను.

నర్సు చెప్పనిది కూడా మాకు తెలుసు. మొదట్లో అందరూ నాలుగింటికి తిరిగి వస్తారు. కొన్నాళ్ళకు ఆలస్యంగా వస్తారు. ఆ తరవాత ఒకనాడు రారు. నిలబడ్డ చోటు నుంచి మెల్లగా నడిచి, ఊరు దాటి, ఉప్పుకయ్యల్లోకి వెళ్ళిపోతారు. మధ్యాహ్నపు ఎండ పోయాక మా కయ్యల్లో ఉప్పు పండడం లేదు. ఆ ఖాళీ మడుల్లో ఇప్పుడు వాళ్ళుంటారు, ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చినవాళ్ళు. పగలైనా రాత్రయినా నిలబడే ఉంటారు. గట్టు మీద విస్తళ్ళలో అన్నం పెట్టి వస్తాం. తెల్లారేసరికి ఖాళీ విస్తళ్ళుంటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసినవాళ్ళు మాత్రం లేరు.

ప్రభువా, సలోమిని అక్కడికి పోనియ్యవద్దు.

మార్చి 14, శుక్రవారం

మా ఇంటి మీది సోలార్ పలకలు చీకటి వేళ ఉత్త గాజు. ఊరంతా అంతే. గొడుగు కింద గాలి కదలదు, పొగ పైకి పోదు. కాబట్టి చీకటి వేళ ఇంటా బయటా మంట పెట్టడం ఎప్పుడో మానేశాం. ఏం చెయ్యాలో నాకు తోచలేదు. తమ్ముడు ఏలీషాకి తోచింది.

నాన్న వాడిన పికప్పు బండి ఇంకా మా దొడ్లో ఉంది. అందులో నాన్న ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు. తరవాత ఏలీషా అందులోనే ఉప్పు బస్తాలు తోలాడు. ఉప్పు తిని తిని తొట్టి అడుగు జల్లెడైంది. కానుగ నూనె గుడ్డలో వడగట్టి పోస్తే ఇప్పటికీ స్టార్టవుతుంది. చీకటి వేళ కరెంటు పుట్టించగలిగింది ఈ ఊళ్ళో ఇదొక్కటేనని వాడన్నాడు.

అయితే దాని హెడ్‌లైట్లు చూస్తే ఏడుపొస్తుంది. వెలిగించినా వెలిగినట్టుండదు. బల్బుల తప్పు కాదట, ఉప్పు తుప్పు పట్టి కరెంటు దారిలోనే చచ్చిపోతోందట. రెండు రోజులు బండి కింద పడుకుని, ఎర్త్ వైరు బిగించే చోట చాసీని మెరిసేదాకా గీకాడు. కొత్త వైరు బిగించి, మళ్ళీ తుప్పు పట్టకుండా పైన వాజలైను పూశాడు. లైట్లకి పాత సన్న వైరు పీకేసి, బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి, మధ్యలో రిలే పెట్టాడు. బండి ముక్కు మీద ఇనప గొట్టం అడ్డంగా బిగించి, పాత లారీల నుంచి తెచ్చిన పసుపు ఫాగ్ లైట్లు నాలుగు దానికి తగిలించాడు. సైలెన్సరుకి బోరు పైపు అతికించి పొగని కాలవ అవతలికి పంపాడు.

స్విచ్చి వేస్తే మా దొడ్డిలో సాయంత్రపు ఎండ పడ్డట్టయింది.

మార్చి 15, శనివారం

సలోమిని బండి ముందు పీట మీద కూర్చోబెట్టాం. పది నుంచి నాలుగు దాకా కదలకుండా కూర్చుని బుట్టెడు వేరుశనక్కాయలు వలిచింది. నిలిచిపోలేదు. మధ్యలో పాట కూడా ఎత్తుకుంది.

పన్నెండింటికి ప్రార్థన చేశాం. ఇంజను నడుస్తుండగా ప్రార్థన చేయడం నాన్నకి నచ్చేది కాదు. దేవుడితో మాట్లాడేటప్పుడు ఇంకో చప్పుడు ఉండకూడదనేవాడు. ఆ ప్రకారమే ఏలీషా ఇంజను ఆపి, లైట్లార్పాడు. ముసుగు వేసుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థించాను. చివర ఎప్పుడూ అనే మాటే అన్నాను, మా అడుగులు నీ చేతిలో పెడుతున్నాం తండ్రీ అని. ఆమెన్ అనగానే ఏలీషా మళ్ళీ స్టార్ట్ చేశాడు. కాస్త నూనె కూడా కలిసొచ్చింది.

మార్చి 19, బుధవారం

రెండిళ్ళ అవతలి ఆదెమ్మ తన భర్త చెంచయ్యని తీసుకొచ్చింది. చెంచయ్య నిరుటి నుంచే నిలిచిపోతున్నాడు. మీ బండి వెలుతురులో మా ఆయనకీ ఇంత చోటివ్వమని అడిగింది. పీట వేశాం. ఆదెమ్మ పూజలు చేసుకునే మనిషి, మా ప్రార్థన వేళ కూడా మర్యాదగా పక్కనే కూర్చుంటుంది.

నోరు మాత్రం ఊరుకోదు. నలభై దాటినా ఏలీషా పెళ్ళి చేసుకోలేదని, దానికి బదులు ఈ బండిని చేసుకున్నాడని, రోజుకో నగ పెడుతున్నాడని అంది. కట్నం ఏమీ తేలేదు వదినా, తుప్పు తప్ప అన్నాడు వాడు. చాలా రోజులకి సలోమి నవ్వడం చూశాను.

మార్చి 26, బుధవారం

సలోమికి ఏదో తేడా చేసింది. పొద్దున కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది. మధ్యాహ్నం నుంచి మాట తగ్గుతుంది. వలిచే చేతులు ఆగిపోతాయి. ఈ రోజు నాలుగింటికి వెలుతురొచ్చినా కాసేపటిదాకా మాట్లాడలేదు. అదే వెలుతురులో కూర్చున్న చెంచయ్య మాత్రం ఏ రోజుకారోజు తేరుకుంటున్నాడు.

వెలుతురు చాలడం లేదని ఏలీషా అన్నాడు. పట్నం వెళ్ళి, పాత సామాన్ల కొట్లో, డ్రైవరు లేని బస్సులకి పూర్వం వాడిన తెల్ల లైట్ల పట్టీ ఒకటి తెచ్చాడు. పసుపు లైట్లకి అయ్యే కరెంటులో నాలుగో వంతు తీసుకుని, నాలుగింతల వెలుతురిస్తుందట. పసుపు లైట్లు పీకేసి దాన్ని క్యాబిన్ మీద బిగించాడు. కాలవ అవతలి తుమ్మచెట్ల ముళ్ళు కూడా కనబడ్డాయి. వాడి ముఖం చూస్తే నాకూ ధైర్యం వచ్చింది.

మార్చి 28, శుక్రవారం

తెల్ల లైటు కింద సలోమి పదకొండింటికే నిలిచిపోయింది. చెంచయ్య కూడా. కళ్ళు తెరిచే ఉన్నాయి. అంత వెలుతురులో అలా నిలబడ్డవాళ్ళని చూడడం చీకట్లో చూడడం కంటే కష్టం. కనుపాపల్లో లైట్ల పట్టీ గీతలా మెరుస్తోంది. రెప్ప పడదు.

ఏలీషా నిచ్చెనెక్కి వైర్లన్నీ తడిమి చూశాడు. తప్పెక్కడా లేదు. ఆదెమ్మ లైటుకి ముఖం పెట్టి చూసింది.

“ఏందబ్బాయ్, దీనికి వెచ్చదనమే లేదు. పాతయ్యి దగ్గర కూకుంటే పొయ్యి కాడ కూకున్నట్టుండేది.”

వాడు నిచ్చెన మీదే ఆగిపోయాడు. కొత్త లైటు గొప్పంతా వేడి పుట్టించకపోవడమేనని వాడే చెప్పాడు. పాత బల్బు సగానికి పైగా కరెంటుని వేడికే తగలేస్తుంది. మాకు కావలసింది ఆ తగలేసేదేనని అప్పుడు తెలిసింది. ఆ పూట ఫ్లాస్కుల్లో ఉన్న వేడినీళ్ళతో గుడ్డ తడిపి ముఖాన వేస్తే సలోమి రెప్ప కదిలింది. గుడ్డ చల్లారగానే మళ్ళీ మామూలే. నీళ్ళు ఎంతసేపొస్తాయి. నాలుగయ్యాక ఏలీషా తెల్ల పట్టీ దించేసి, పసుపు లైట్లు ఆరు బిగించాడు. దగ్గరగా, ముఖం ఎత్తులో.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఆరు లైట్లు. బాగా వేడి. మధ్యాహ్నానికి సలోమి బుగ్గలు కందిపోయాయి. అయినా ప్రార్థన అయ్యేసరికి ఆ బుగ్గలే మంచులా ఉన్నాయి. లైట్లు ఆర్పింది కాసేపే. ఇంతలోనే ఇంత చల్లబడుతుందా అనుకున్నాను.

ఇంకొకటి. కయ్యల్లోవాళ్ళు ఊరివైపు వచ్చారు. మా దొడ్డికి కంచె లేదు. దొడ్డి దాటితే గట్టు, గట్టు దిగితే మొదటి కయ్య. నిన్నటిదాకా దూరంగా ఉండే ఆకారాలు ఈ రోజు గట్టు మీద ఉన్నాయి. వెలుతురు ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ. ఒకరి పక్కన ఒకరు, చర్చిలో నిలబడ్డట్టు. లైటు అటు తిప్పితే కళ్ళకి చేతులడ్డం పెట్టుకుని తప్పుకుంటారు. మళ్ళీ తిప్పేస్తే మళ్ళీ వస్తారు. చప్పుడు లేదు.

వాళ్ళ కోసం కూడా ప్రార్థించాను. ఇవాళ ప్రార్థన కొంచెం పొడవైంది.

ఏప్రిల్ 9, బుధవారం

నాలుగింటికి గొడుగు ముడిచారు. ఎండ వచ్చింది. సలోమి రాలేదు.

పీట మీద నుంచి లేచి గట్టువైపు నడిచింది. ఏలీషా రెట్ట పట్టుకుని ఆపాడు. లాగలేదు, విదిలించుకోలేదు; ఆపిన చోట ఆగి, వదిలితే నడిచింది. పొద్దుగుంకే వేళకి నా వైపు తిరిగి, మంచినీళ్ళు కావాలంది.

ఇంకొక్కసారి ఇలా జరిగితే తిరిగి రాదని నర్సు అంది. తలుపుకి తాళం వేయండి అంది. ఎన్నాళ్ళు వేస్తాం.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున్నే ఆదెమ్మ నూనె వడగడుతూ, గుడ్డ పిండుతూ, తలెత్తకుండా అడిగింది.

“దీనక్కా, ఒక మాట. ఏమనుకోబాక. వాళ్ళని నువ్వు పిలిస్తేనే వస్తన్నారా?”

ఎవరిని అన్నాను.

“కయ్యల్లోవాళ్ళని. నువ్వు బండి ఆపిచ్చి కళ్ళు మూసుకుంటావు గదా. అప్పుడు లోపలికొస్తారు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు, వంతులమాదిరి. సలోమి చెంపకి చెంప ఆనిచ్చి నిలబడతారు. అంతే, ఇంకేం చెయ్యరు. నువ్వు ఆ కడాకరి మాట అంటావు చూడు, అడుగులు నీ చేతిలో పెడతన్నామని. అది వినంగానే ఎనక్కి పోతారు. ఆమెన్ అనేలోపు ఒక్కరుండరు.”

నా చేతిలో నూనె గిన్నె ఉంది. కింద పెట్టాను.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీవాళ్ళు రోగం వచ్చినోళ్ళ మీద చేతులేసి ప్రార్థన చేస్తారు గదా. అదీ అట్టాంటిదే అనుకున్నా. ఇంకొకళ్ళ భక్తిలో మనకెందుకులే అని గమ్మునున్నా. మా ఆయన ముఖానికి మాత్రం కొంగు కప్పేదాన్ని. మాకు ఆ ఆనవాయితీ లేదు గదా.”

చెంచయ్య ఎందుకు తేరుకున్నాడో తెలిసింది. ఆరు లైట్ల వేడి నా చెల్లెలి ముఖానికి ఎక్కించి, రోజూ పన్నెండింటికి దాన్ని వాళ్ళకి పంచిపెట్టాను. వాళ్ళ కోసం ప్రార్థన పొడిగించినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువ పంచాను.

ఏలీషా చాలాసేపు బండి కింద పడుకుని ఉన్నాడు. మరమ్మతేమీ లేదు అక్కడ.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఇంజను ఆపలేదు. లైట్లు ఆర్పలేదు. కళ్ళు మూసుకోలేదు. యాభై ఏళ్ళ అలవాటు. రెప్పలు వాటంతటవే దిగుతుంటే ఎత్తి పట్టుకోవలసి వచ్చింది. ఇంజను గుడగుడలో నా గొంతు నాకే సరిగా వినబడలేదు. నాన్న ఏమనేవాడో తెలియదు.

వాళ్ళు గట్టు మీదే ఉన్నారు. ప్రార్థన మొదలవగానే అందరి తలలూ కాస్త ముందుకు వంగాయి. వింటున్నారు. ఒక ముసలాయన కాళ్ళు మోకాళ్ళ దాకా ఉప్పు కట్టి తెల్లగా ఉన్నాయి. ఒకామె రెండు చేతులూ చంకల్లో దోపుకుని ఉంది, చలికాలం తెల్లవారుజామున నీళ్ళు పట్టడానికి నిలబడ్డట్టు.

లైట్లు ఆరతాయని చూశారు. ఆరలేదు. నేను ఆఖరి మాట అన్నాను. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. లోపలికి రానే లేదు. అయినా వేశారు.

ఆ రోజు సలోమి నాలుగింటిదాకా మాట్లాడుతూనే ఉంది.

ఏప్రిల్ 15, మంగళవారం

తీసి పక్కన పడేసిన తెల్ల లైట్ల పట్టీని ఏలీషా మళ్ళీ ఎక్కించాడు. ఈసారి క్యాబిన్ వెనకవైపు, కయ్యల మీదికి పడేలా. బండిని అందుకు తగ్గట్టు తిప్పి పెట్టాడు. ముందు పసుపు, మనవాళ్ళకి. వెనక తెలుపు, వాళ్ళకి. స్విచ్చి వేయగానే గట్టు ఖాళీ అయింది. ఉప్పు పొర మీద ఆ వెలుతురు పడి కయ్యలన్నీ పాలు పోసినట్టున్నాయి. వాళ్ళు దూరంగా జరిగి, ముఖాలకి చేతులడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఆరు గంటలూ ఆ చేతులు దించలేదు.

బరువెక్కువై ఫ్యాన్ బెల్టు కీచుమంటోంది. దాచిన స్పేరు బెల్టు ఈ రోజే వేసేశాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

సలోమి కోలుకుంది. గొడుగు ముడవగానే లేచి, తనే టీ పెట్టింది. నర్సు చూసి, జూన్ దాకా ఇలాగే కాపాడుకోండి, ఈ ఏటికి గండం గడిచినట్టే అంది.

టీ ఇస్తూ సలోమి అడిగింది.

“వెనక లైటు తీసేయించక్కా.”

ఎందుకన్నాను.

“వాళ్ళు నాకేం చెయ్యలేదు. చలి, అంతే. నువ్వనుకునే చలి కాదది. నిలిచిపోతే ఎట్టా ఉంటదో చెప్పనా? మన పేరు చల్లబడిపోద్ది. ఎవరన్నా చెంప ఆనిస్తే కాసింత గుర్తుకొస్తది.”

తీయించనన్నాను. నాకున్నది నువ్వే అన్నాను. సరే అని గ్లాసులు కడగడానికి వెళ్ళింది. రాత్రి ప్రార్థనలో వాళ్ళ సంగతి ఎత్తలేదు. ఎత్తితే దేవుడు ఏదో ఒకటి చెయ్యమంటాడేమోనని.

ఏప్రిల్ 24, గురువారం

ఇది సాయంత్రం రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు.

మధ్యాహ్నం ప్రార్థన అయిన కాసేపటికి బానెట్టు కింద తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. బెల్టు తెగింది. బెల్టు లేకపోతే కరెంటు పుట్టించే డైనమో తిరగదు. ఇంజనులో నీళ్ళు తిప్పే పంపూ తిరగదు. ఇంకాసేపు నడిస్తే ఇంజను పగులుతుందని ఏలీషా ఆపేశాడు. ఉన్న బ్యాటరీ మీద లైట్లు వెలిగాయి. ముందు తెల్ల పట్టీ ఆర్పమన్నాను, సలోమికి ఇంకొంత సేపు వస్తుందని. పసుపు మెల్లగా ఎర్రబడింది. తరవాత వత్తి కొసంత మిగిలింది. తరవాత అదీ లేదు.

నాలుగింటికి ఇంకా చాలా ఉంది.

ఉప్పు పొర మీద అడుగుల చప్పుడు వినబడింది. అప్పడాలు విరుగుతున్నట్టు. ఒకవైపు నుంచి కాదు. కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడింది. అంటే గట్టు దాటి మా మట్టి మీదికి వచ్చారన్నమాట. ఆదెమ్మ చెంచయ్యని ఒళ్ళోకి లాక్కుని ముఖానికి కొంగు కప్పింది. ఏలీషా చక్రాల పానా తీసుకుని సలోమికి అడ్డంగా నిలబడ్డాడు. సలోమి చెయ్యి నా చేతిలో ఉంది. వేళ్ళ కొసల నుంచి చల్లబడుతూ వస్తోంది. పేరు పెట్టి పిలిచాను. ఊఁ అంది. ఇంకోసారి పిలిస్తే అనలేదు.

వాళ్ళు మా చుట్టూ నిలబడ్డారు. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె, చేతులు చంకల్లో దోపుకునే ఆమె, అందరికంటే ముందుంది. మెడ చాపి సలోమి చెంపవైపు వంగుతోంది.

“పోండి,” అన్నాడు ఏలీషా. పానా పైకెత్తాడు. “పోండి, కొట్టేస్తా.”

పానా దించమన్నాను. బానెట్టు ఎత్తమన్నాను.

వాడు ఎత్తాడు. వేడి నా ముఖాన కొట్టింది. పొద్దుటి నుంచి నడిచి, నీళ్ళు తిరగక ఇంకా కాగిపోయిన ఇంజను. ఇంజను పైమూత మీద రెండు అరచేతులూ ఆనించాను. ఓర్చుకోగలిగినంత సేపు ఉంచి, వాటిని సలోమి చెంపలకి పెట్టాను. మళ్ళీ ఇంజనుకి. మళ్ళీ చెంపలకి. అరచేతులు చుర్రుమన్నాయి. నాలుగోసారో అయిదోసారో రెప్ప వాల్చింది. ఏలీషా పానా కింద పడేసి తన చేతులూ పెట్టాడు. చెంచయ్య కోసం ఆదెమ్మ కూడా వచ్చింది.

సలోమి కళ్ళు నా మీదికి తిరిగాయి.

“నాకు కాసేపు చాల్లే అక్కా. ఆమెకి పెట్టు.”

పక్కనున్నామె చెంప సలోమి చెంపకి బెత్తెడు దూరంలో ఆగి ఉంది. ఆనించలేదు. ఎందుకు ఆగిందో తెలియదు. ఇంజను ఎంతసేపు వేడిగా ఉంటుందో తెలియదు. నాలుగింటిదాకా సలోమికే చాలకపోవచ్చు. ఈ నెలన్నరా నా చెల్లెల్ని తప్ప దేవుణ్ణి నేను గట్టిగా ఏమీ అడగలేదు. నా చేతులు ఇంజను మీద ఉన్నాయి. తీసి ఆమె ముఖానికి పెట్టాను.

నూతిలో రాయిలా ఉంది ఆ ముఖం. నా అరచేతుల వేడి ఒక్క క్షణంలో పీల్చేసుకుంది. మళ్ళీ పెట్టాను. చేతుల కింద ఆమె దవడ కదిలింది. మూడేళ్ళుగా కయ్యల్లో ఉన్నవాళ్ళెవరూ ఒక్క మాట మాట్లాడలేదు. నేను చేతులు తీయలేదు.

“ఇది ఏ ఊరమ్మా?” అంది.

చెప్పాను.

“అయితే మాది దూరమే,” అంది. అని, మా ఆదెమ్మ పక్కన నేల మీద కూలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. మిగిలినవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ముఖాలు ముందుకు చాపారు. ఎవరూ తోసుకోలేదు. ఇంజను చల్లారేదాకా పెట్టాం. చల్లారేసరికి నాలుగు కాలేదు. గొడుగు ముడిచేదాకా సలోమిని నా ఒళ్ళోకి లాక్కుని, చెంపకి చెంప ఆనించి కూర్చున్నాను. ఎండ వచ్చినప్పుడు, వదులక్కా ఉక్కపోస్తంది అంది.

ఇప్పుడు మా వసారాలో కొందరున్నారు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు నిద్రపోతున్నారు. ముసలాయన కాళ్ళకి కట్టిన ఉప్పుని చెంచయ్య వేడినీళ్ళు పోసి కరిగిస్తున్నాడు. అన్నం ఎంత వండాలని ఆదెమ్మ అడిగితే పెద్ద గుండిగ ఎక్కించమన్నాను. ఏలీషా సైకిలేసుకుని బెల్టు కోసం వెళ్ళొచ్చాడు. ఒకటి కాదు, మూడు తెచ్చాడు. లైట్లన్నీ విప్పెయ్యమని చెప్పాను, బానెట్టు కూడా. డైనమోకి బరువు తగ్గుతుంది, చేతులకి చోటు దొరుకుతుంది. ఇంతా చేసింది విప్పడానికా అని గొణిగాడు గాని, పానా తీసుకున్నాడు.

కయ్యల్లో ఇంకా చాలామంది ఉన్నారు. ఎండలో కూడా కనిపిస్తున్నారు. ఇదివరకు తలో దిక్కు చూస్తూ నిలబడేవాళ్ళు. ఇప్పుడు అందరూ మా దొడ్డివైపే తిరిగి ఉన్నారు.

ఆ మొదటామె పేరు నాగరత్నం. అన్నం తిని, చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. అక్కడ వాళ్ళ అత్త కూడా ఉందట, ఏ మడిలో నిలబడిందో గుర్తుందట. రేపు తనూ ఇంజను మీద చేతులు పెడతానంది. ఆ చేతులు పట్టుకుని చూశాను. నాలుగింటి నుంచి ఎండలో కూర్చుంది, వేడి అన్నం కలుపుకుంది. అయినా ఇంకా చల్లగానే ఉన్నాయి.

ఆమె నా బొబ్బల వైపు చూసి, చేతులు వెనక్కి తీసుకుంది.

“ఇంజను బాగా కాగనియ్యండి,” అంది. “ఇయ్యి కూడా వేడెక్కుతయ్యి.”